వచ్చాడా, వచ్చిండా, వచ్చినాడా?

తెనాలి నటుడొకాయనకు నల్లగొండ రైతు పాత్ర వచ్చిందనుకుందాం. స్క్రిప్టు చేతికి అందగానే ఆయన పెన్ను తీస్తాడు. ‘వచ్చాడు’ అని ఉన్నచోటల్లా ‘వచ్చిండు’ అని దిద్దుకుంటాడు. ‘ఇలా’ కొట్టేసి ‘గిట్ల’ రాసుకుంటాడు. ‘కొంచెం’ పోయి ‘జర’ వస్తుంది. రెండు రోజుల్లో పోర్షన్ నోటికి వచ్చేస్తుంది. రిహార్సల్లో తోటివాళ్లు భేష్ అంటారు. తీరా ఆ నాటకం నల్లగొండలోనే ఆడితే, మూడో వరసలో కూర్చున్న పెద్దాయన రెండు నిమిషాల్లో పసిగట్టేస్తాడు, ఈయన మా వైపువాడు కాదని. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఎక్కడ దొరికిపోయాడు?

దీనికి జవాబు కావాలంటే ముందు రెండు మాటలను విడదీసుకోవాలి. ఒకటి మాండలికం (ఒక ప్రాంతం లేదా వర్గం వాడే పదాలు, క్రియారూపాలు, నుడికారం). రెండోది యాస (ఆ మాటలను పలికే తీరు: అచ్చుల సాగతీత, హల్లుల బరువు, వాక్యం ఎక్కే దిగే రాగం). వాడుకలో రెంటినీ కలిపి యాస అనేస్తాం. మామూలు మాటల్లో అందువల్ల నష్టమేమీ లేదు. నటుడికి మాత్రం తేడా తెలియాలి. ఎందుకంటే మొదటిదాన్ని కాగితం మీద రాయవచ్చు. రెండోదాన్ని రాయలేం. తెనాలి నటుడు రాయగలిగినదాన్ని మాత్రమే మార్చుకున్నాడు.

మన లిపిలో ఎలా రాస్తే అలాగే పలుకుతామని బళ్లో చెప్పారు. అది చాలావరకు నిజం, పూర్తిగా కాదు. ‘చాప’ అనండి. తర్వాత ‘వచ్చాడు’ అనండి. రెండింటిలోనూ రాసే అక్షరం ‘చా’. చాపలో నాలుక పళ్ల వెనక్కి తగులుతుంది, ‘త్స’కు దగ్గరగా ధ్వని వస్తుంది. పాతకాలపు పుస్తకాల్లో దీనికోసం చకారం మీద గుర్తు వేసేవారు, తర్వాత మానేశారు. ఇక కోస్తా జిల్లాలవాళ్లు పలికే ‘వచ్చాడు’లో ఉన్న అచ్చు ‘ఆ’ కాదు, ‘ఏ’ కూడా కాదు. రెంటికీ నడుమ నోరు వెడల్పు చేసి పలికే మరో దీర్ఘం. ‘బ్యాంకు’లో వినిపించేది అదే. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. కోస్తాలో పుట్టినవాడికి అది పాలతో పాటు వస్తుంది. బయటివాడు స్క్రిప్టు చూసి నేర్చుకోలేడు, చెవితో వినాల్సిందే.

ఇలాంటి తేడాలను చాలామంది ‘తప్పుగా పలకడం’ కింద జమకడతారు. అక్కడే నటన కూడా తప్పుదారి పడుతుంది. నిజానికి ప్రతి యాసకూ ఒక క్రమం ఉంది. ‘వచ్చినాడు’ అనే నిండు రూపాన్ని తీసుకోండి. రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఇప్పటికీ అది వినిపిస్తుంది. కృష్ణా, గోదావరి ప్రాంతాల నోట నడుమనున్న ‘న’ జారిపోయి ‘వచ్చాడు’ మిగిలింది. తెలంగాణ నోట ‘న’ నిలిచింది, దాన్ని అంటిపెట్టుకున్న అచ్చు పోయింది. న, డ పక్కపక్కన పడి ‘వచ్చిండు’ అయింది. ఒకరు హల్లును వదిలారు, ఒకరు అచ్చును వదిలారు. రెండూ కుదింపులే. కోస్తావాళ్లు ‘ఇళ్లు, పళ్లు’ అంటే తెలంగాణ, సీమ జనం ‘ఇండ్లు, పండ్లు’ అంటారు. ఇందులో పాత రూపం రెండోదే. ఈ క్రమం తెలిసిన నటుడు స్క్రిప్టులో లేని మాటను కూడా సరైన రూపంలో అనగలడు. తెలియనివాడు ప్రతి మాటకూ ముందు ‘గ’ తగిలిస్తాడు. గిది, గది, గప్పుడు, గీడ. ఇలాంటివాడి మీద నల్లగొండ ప్రేక్షకుడికి అనుమానం మొదలయ్యేది అక్కడే. నిజంగా ఆ మాట మాట్లాడేవాళ్లు అవసరమైనచోటే ‘గ’ వాడతారు.

ఇదంతా ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ప్రేక్షకుడి చెవి మారింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2017లో ‘ఫిదా’, 2023లో ‘బలగం’ తెలంగాణ మాటను ప్రధాన పాత్రల నోట పెట్టాయి. 2021లో ‘పుష్ప’ చిత్తూరు మాటను దేశమంతా తిప్పింది. 2020లో ‘పలాస 1978’ ఉత్తరాంధ్ర మాటతో వచ్చింది. ఒకప్పుడు యాస అంటే పనివాడికో, హాస్యగాడికో అని అలవాటుపడిన ప్రేక్షకుడు ఇప్పుడు అదే యాసలో ప్రేమను, చావును, ఆస్తి తగాదాను విన్నాడు. దాంతో నాటకానికి వచ్చినప్పుడు కూడా నాసిరకాన్ని గుర్తుపడుతున్నాడు. పైగా సినిమాకు డబ్బింగ్ అనే సౌకర్యం ఉంది. ఒక్కో డైలాగును పదిసార్లు చెప్పి, బాగున్నదాన్ని ఉంచుకోవచ్చు. నాటకంలో గంటన్నరో రెండు గంటలో సొంత నోటితో ఏకబిగిన నిలబెట్టాలి.

అయితే పాత్రకో మాట అనే ఆలోచన కొత్తదేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రమే ఏ పాత్ర ఏ భాష మాట్లాడాలో విధించింది. రాజులు, బ్రాహ్మణులు సంస్కృతం. స్త్రీలు, సేవకులు, కిందితరగతి పాత్రలు రకరకాల ప్రాకృతాలు. ‘అభిజ్ఞాన శాకుంతలం’లో ఉంగరం దొరికిన జాలరి మాగధి మాట్లాడతాడు. మాగధిలో ‘ర’ బదులు ‘ల’, ‘స’ బదులు ‘శ’ పలుకుతుంది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ దగ్గరికి వచ్చేసరికి ఇది ఒక పండగే. వ్యాఖ్యాత పృథ్వీధరుడు అందులో 7 రకాల ప్రాకృతాలను లెక్కపెట్టాడు. రాజుగారి బావమరిది శకారుడు నోరు తెరిస్తే చాలు, స అనాల్సినచోటల్లా శ దొర్లుతుంది. అధికారం ఉంది, చదువు లేదు, దర్పం ఉంది. ఆ శకారమే అతని పాత్రచిత్రణ.

అందులో నాకు మరీ ఇష్టమైనవి మినహాయింపులు. మొదట్లో సూత్రధారుడు సంస్కృతంలో ప్రేక్షకులతో మాట్లాడి, ఇంట్లో భార్యతో మాట్లాడే వేళకు ప్రాకృతంలోకి దిగుతాడు. ఆ సంగతి తనే చెప్పి మరీ దిగుతాడు. వసంతసేన వేశ్య. నియమం ప్రకారం ప్రాకృతమే మాట్లాడాలి. కొన్నిచోట్ల మాత్రం ఆమె సంస్కృతం అందుకుంటుంది. ఆ క్షణంలో ఆమె ఎత్తు ప్రేక్షకుడికి చెవితోనే తెలుస్తుంది. మాట మారడం ఒక సంఘటన అన్నమాట.

తెలుగు పద్యనాటకం ఈ దారిలో రాలేదు. తిరుపతి వేంకట కవుల కృష్ణుడు ఏ జిల్లా నటుడి ఒంట్లో దూరినా ఒకే గ్రాంథికం పలకాలి. పద్యం రాగంలో ఉంటుంది కాబట్టి నటుడి సొంత యాస అందులో కరిగిపోతుంది. వచనంలోకి వచ్చినప్పుడే కాస్త తొంగిచూస్తుంది.

మార్పు విజయనగరంలో మొదలైంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో వేదికెక్కింది, 1897లో అచ్చయింది. బాగా పెంచి, తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇప్పుడు మనం చదివేది, ఆడేది ఆ రెండోదే. వాడుక భాషను ఎందుకు ఎంచుకున్నదీ ఆయన మొదటి కూర్పు పీఠికలోనే వాదించి చెప్పాడు. ఆ నాటకంలో అగ్రహారం బ్రాహ్మణులున్నారు, వ్యాపారి పోలిశెట్టి ఉన్నాడు, బైరాగి, హెడ్ కనిస్టేబు, నౌకరు అసిరి ఉన్నారు. అందరిదీ ఇంచుమించు ఒకే ప్రాంతం. మాట మాత్రం ఒకటి కాదు. కులం, చదువు, వృత్తి, వయసు కలిసి ఒక్కొక్కరి నోరు ఒక్కోలా తయారైంది. ప్రాంతపు యాసలోపల సామాజిక యాసలు (వర్గాన్ని బట్టి మారే పలుకుబడి) ఎలా ఉంటాయో చూడాలంటే తెలుగులో దీన్ని మించిన పాఠం లేదు.

ఆ నాటకంలోని మాయమాటల గిరీశం దగ్గర కాసేపు ఆగుదాం. అందరూ చెప్పేది అతని ఇంగ్లీషు గురించి. నటుడు పట్టుకోవాల్సింది, ఆ ఇంగ్లీషు ఎవరి ముందు వస్తుంది, ఎవరి ముందు మాయమవుతుంది అన్నది. శిష్యుడు వెంకటేశం ముందు అది ధారగా వస్తుంది, ఎందుకంటే ఆ కుర్రవాడు దానికి లొంగుతాడు. ఆ కుర్రవాడి అక్క బుచ్చమ్మ దగ్గర ఇంటి తెలుగు మెత్తగా వస్తుంది. అంటే గిరీశానికి ఒక యాస లేదు, ఒక యాసల పెట్టె ఉంది. మొదటినుంచి చివరిదాకా ఒకే ఠీవితో ఇంగ్లీషు దంచే నటుడు ఆ పెట్టెను చూడనట్టే. వేశ్య మధురవాణిదీ అదే విద్య, ఇంకా పై మెట్టు. ఎదుటి మగవాడిని బట్టి ఆమె మాట మారుతుంది. చివర్లో మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. అక్కడ నటికి బట్టలు మార్చుకోవడం సులువే, గొంతే కష్టం. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం పెళ్లికూతురి వేషం కట్టినప్పుడు సరిగ్గా దీనికి తిరగబడిన చిక్కు. ఉత్తరాంధ్రకు చెందిన అన్నదమ్ములు జె.వి. రమణమూర్తి గిరీశంగా, జె.వి. సోమయాజులు రామప్పంతులుగా ఈ నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడారు. వాళ్లకు ఆ మాట నేర్చుకోవాల్సిన అవసరం పడలేదు, పుట్టి పెరిగిన గాలి అది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. ఇవాళ ‘కన్యాశుల్కం’ ఆడేవాళ్లు ఏ యాస పలకాలి? ఇప్పటి విజయనగరంలో వినిపించేదా, 1890ల నాటిదా? ఇలాంటి ప్రశ్నే లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాలకు ఎదురైంది. 2004లో గ్లోబ్ థియేటర్ ‘రోమియో అండ్ జూలియెట్’ను కొన్ని ప్రదర్శనల్లో షేక్‌స్పియర్ కాలపు ఉచ్చారణతో ఆడింది. భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ ఆ ఉచ్చారణను ఊహించి కట్టాడు. ఆధారాలు మూడు: ఇప్పుడు కుదరని అంత్యప్రాసలు, ఆనాటి చిత్రమైన వర్ణక్రమాలు, పలుకుబడి గురించి ఆనాటివాళ్లు రాసిపెట్టిన సంగతులు. ఫలితంగా ప్రాసలు మళ్లీ కలిశాయి. నాలుగు వందల ఏళ్లుగా వినపడని కొన్ని శ్లేషలు బయటపడ్డాయి. మనకు అంత శ్రమ లేదు. గురజాడ ‘వొక’, ‘యేమి’ అని నోటికి దగ్గరగా రాశాడు. తర్వాతి అచ్చులవాళ్లు కొందరు వాటిని ‘ఒక’, ‘ఏమి’ అని శుభ్రం చేశారు. నటుడికి శుభ్రం చేయని ప్రతి కావాలి.

ఇక యాసను ఎవరి నోట పెడుతున్నాం అన్న సంగతి. శ్రీకాకుళం పల్లెలో జరిగే నాటకం ఒకటి ఊహించండి. భూస్వామి అక్కడే పుట్టాడు. అతని కూతురు, పూజారి, కరణం అంతా అక్కడివాళ్లే. అయినా వాళ్లందరూ పత్రికల తెలుగు మాట్లాడతారు. పాలేరు ఒక్కడే ‘ఏటి బాబూ’ అంటాడు. నాటక పరిషత్తు పోటీల్లో ఈ ఏర్పాటు నేను చాలాసార్లు చూశాను. రచయితకు దురుద్దేశం ఉండదు. రంగు కోసం చేస్తాడు. కానీ పని ఎలా జరుగుతుందో చూడండి. యాస ఎప్పుడూ ఒకే రకం పాత్రకు అంటుకుని వస్తుంటే, కొన్నాళ్లకు ఆ యాసే నవ్వుకు సంకేతం అయిపోతుంది. తర్వాత ఎవరైనా అదే యాసలో కొడుకు చావు గురించి చెబితే హాల్లో ఓ మూల నుంచి నవ్వు వస్తుంది. ఆ నవ్వు ప్రేక్షకుడి తప్పు కాదు. మనం నేర్పిన పాఠం అది.

కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లోని సుబ్బిశెట్టి సంగతి దీనికి దగ్గర బంధువు. ఆ పాత్రకు నటులు తరతరాలుగా సొంత మాటలు, చేష్టలు చేరుస్తూ పోయారు. తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఒక వర్గం పలుకుబడిని నవ్వు పుట్టించే పనిముట్టుగా ఎంతకాలం వాడితే అంత బాకీ పేరుకుంటుందని మాత్రం చెప్పవచ్చు.

భరతుడు అభినయాన్ని నాలుగు రకాలన్నాడు. ఆంగికం (శరీరంతో), వాచికం (మాటతో), ఆహార్యం (వేషధారణతో), సాత్త్వికం (లోపలి భావంతో). యాస వాచికంలో భాగం. చాలామంది నటులు దాన్ని ఆహార్యంలా వాడతారు. తలపాగా చుట్టుకున్నట్టు యాస తగిలించుకుని వస్తారు. అలా తగిలించుకున్నది ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఎప్పుడంటే కోపం, ఏడుపు ముదిరినప్పుడు. నటుడి ధ్యాస అంతా భావం మీదికి పోతుంది, నోరు పుట్టింటికి వెళ్లిపోతుంది. అందుకే సాధన చేసేటప్పుడు నెమ్మదైన సన్నివేశాలతో కాక, అరిచే సన్నివేశాలతో మొదలుపెట్టడం మంచిది.

లండన్, న్యూయార్క్ నాటకశాలల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక శిక్షకుణ్ణి పెట్టుకుంటారు. ఆయన మొదట మాటలు నేర్పడు. నోటి భంగిమ (మాట్లాడనప్పుడు నాలుక, దవడ, పెదాలు ఉండే తీరు) నేర్పుతాడు. ఆ తర్వాత అచ్చులు, హల్లులు. ఆ తర్వాత వాక్యపు రాగం. మన నాటక సమాజాలకు అంత ఖర్చు పెట్టే స్తోమత లేదు. అవసరం కూడా అంతగా లేదు. ఆ ఊరి మనిషి ఒకరు దొరికితే చాలు. ఆయనతో డైలాగులు చదివించి రికార్డు చేసుకోవడం మాత్రం పొరపాటు. చదివించగానే ఆయన బడి తెలుగులోకి వెళ్లిపోతాడు. వానల గురించో, చిన్నప్పటి దొంగతనం గురించో మాట్లాడించి ఫోన్లో పట్టుకోవాలి. మొదటిసారి మాటల అర్థం పట్టించుకోకుండా, పాట వింటున్నట్టు రాగం మాత్రమే వినాలి. గోదావరి జిల్లాల మనిషి ‘అండి’ దగ్గర ఎంతసేపు సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి తీస్తాడో అప్పుడు తెలుస్తుంది. తెనాలి నటుడు దొరికిపోయింది ఈ రాగంలోనే. మాటలు నల్లగొండవి, వాటి కింద నడిచిన పాట తెనాలిది.

పదాల కోసం మరో గని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించాడు. ఆయన తయారుచేసిన మాండలిక వృత్తిపదకోశంలో 1962 నాటి మొదటి సంపుటం వ్యవసాయానిది, 1971 నాటి రెండోది చేనేతది. రైతు పాత్రో, నేతన్న పాత్రో వేసే నటుడు ఒక సాయంత్రం దాని ముందు కూర్చుంటే, ఏ ప్రాంతంలో ఏ పనిముట్టుకు ఏ పేరో తెలుస్తుంది.

అంతా నేర్చుకున్నాక అందులో కొంత వదిలేయాలి. ఇది కొత్తవాళ్లకు మింగుడు పడదు. విశాఖ మన్యం అంచు పల్లెలోని వేగవంతమైన మాటను ఉన్నది ఉన్నట్టు అనంతపురం వేదిక మీద దింపితే, మొదటి పది నిమిషాలు వెనక వరసకు ఏమీ అందదు. వేలాడే మైకు అన్ని హల్లులనూ అందుకోదు. కాబట్టి రాగాన్ని పూర్తిగా ఉంచాలి, వేగాన్ని తగ్గించాలి, కథకు కీలకమైన మాటలను విడిగా పలకాలి. తొలి దృశ్యంలో కాస్త పలచగా మొదలుపెట్టి, ప్రేక్షకుడి చెవి అలవాటుపడ్డాక చిక్కబరచడం పాతకాపుల ఉపాయం. రాసేవాడికీ ఇదే మాట. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’లో పూలమ్మి ఎలైజా కాక్నీ యాసను మొదటి కొద్ది మాటల్లో ధ్వని ధ్వనికీ అక్షరం పెట్టి రాశాడు. లండన్ దాటితే ఇది ఎవరికీ అర్థం కాదని అక్కడే ఒప్పుకుని, ఆ ప్రయత్నం మానేశాడు. విచిత్రమేమిటంటే యాస మీదే నిలబడ్డ ఆ నాటకం తొలిసారి ఆడింది లండన్‌లో కాదు. 1913లో వియన్నాలో, జర్మన్ అనువాదంలో. పు.ల. దేశ్‌పాండే 1975లో దాన్ని ‘తీ ఫుల్‌రాణీ’గా మరాఠీలోకి తెచ్చాడు. కాక్నీని మరాఠీలోకి అనువదించడం కుదిరే పని కాదు. మరాఠీ ప్రేక్షకుడి చెవికి అదే దెబ్బ తగిలించే మరాఠీ యాస వెతకాలి. ‘కన్యాశుల్కా’నికి వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం 2007లో వచ్చింది. విజయనగరం యాసకు ఇంగ్లీషులో సాటి దొరకదు, ఆ నాటకాన్ని అనువాదంలో ఎవరు చదివినా కొంత వదులుకునే చదవాలి.

ఈసారి మీ ఊళ్లో నాటకం ఆడితే, పాలేరు పాత్ర నోరు తెరిచినప్పుడు హాల్లో నవ్వు వస్తుందేమో గమనించండి. అతను అన్న మాటకు వచ్చిందా, అన్న తీరుకు వచ్చిందా చూడండి. తీరుకే వచ్చి ఉంటే, నాటకం అయ్యాక మేకప్ గదికి వెళ్లి ఆ నటుడికి, వీలైతే దర్శకుడికి కూడా, ఆ సంగతి చెప్పండి.